స్మార్ట్ బల్బులు, సెన్సర్లు కంట్రోలర్ పక్కన పెడితే కనెక్టవుతున్నాయి, వాటి చోటికి తీసుకెళ్తే మాయమవుతున్నాయి (పాత మండువా ఇల్లు, కాస్త సాయం చేయండి)

వైనతేయ_ఒడ్డు
శుక్రవారం రాత్రి 9:52

అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్లూ చదువుకుని వెళ్లిపోయేవాడినే, రాయడం ఇదే మొదలు. నేనుండేది హైదరాబాద్, ఇల్లు పి.గన్నవరం దగ్గర పల్లె, అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. తాతగారు కట్టిన మండువా ఇల్లు, సున్నం గోడలు ఒక్కోటి మూరెడు మందం, వెనక పెరడు, గొడ్ల సావిడి, అది దాటాక కొబ్బరితోట, తోటలో మోటారు షెడ్డు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, చీకటి పడ్డాక మోటారు కట్టడానికి తోటలోకి వెళ్లొద్దంటే వినరు, అందుకని ఈ సెలవుల్లో కూర్చుని ఇల్లంతా ఆటోమేషన్ చేసి పారేద్దామని వచ్చా. వచ్చి నాలుగు రోజులైంది, ఆదివారం రాత్రి బస్సు, ఇప్పటిదాకా ఒరిగిందేమీ లేదు.

రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్) మీద హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో పరికరాలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) వేశా, అదే కంట్రోలర్, జిగ్‌బీకి (స్మార్ట్ పరికరాలు మాట్లాడుకునే రేడియో) యూఎస్‌బీ డాంగిల్, హోమ్ అసిస్టెంట్‌లోనే ఉండే జెడ్‌హెచ్‌ఏ అనే జిగ్‌బీ భాగంతోనే నడుపుతున్నా. జిగ్‌బీ బల్బులు 4, ప్లగ్గు 1, తలుపు సెన్సర్లు 3 (వీధి తలుపు, పెరటి తలుపు, షెడ్డు తలుపు). ఇవి కాక మోటారు కోసం వైఫై రిలే (వైఫై మీద ఆన్ ఆఫ్ చేసే స్విచ్) ఒకటి.

కష్టాలు మూడు. ఒకటి, షెడ్డు సెన్సరు ఎంతకీ పెయిర్ అవదు, కనిపిస్తుంది, ఇంటర్వ్యూ (కంట్రోలర్ దాని వివరాలు అడిగే దశ) దగ్గర ఆగిపోతుంది. రెండోది, మిగతావన్నీ హాల్లో కంట్రోలర్ పక్కన పెట్టుకుని చక్కగా పెయిర్ చేశా, పగలంతా ఏదోలా ఉంటాయి, తెల్లారి లేచి చూస్తే సగం అన్‌అవైలబుల్, సాయంత్రానికి వాటంతటవే మళ్లీ వచ్చేస్తాయి. వీధి తలుపుది మాత్రం ఎప్పుడూ పోదు. మూడోది, వైఫై రిలే అసలు యాప్‌లోకే ఎక్కట్లేదు.

ఎక్కడ మొదలుపెట్టమంటారు?


రేడియో_పిచ్చోడు
శుక్రవారం రాత్రి 10:15

ముందు ఒక్క ప్రశ్న అండి. డాంగిల్ ఎక్కడ గుచ్చారు? పై 4 కి నీలం పోర్టులు రెండు, నల్లవి రెండు ఉంటాయి. నీలం దాంట్లో నేరుగా గుచ్చి ఉంటే సగం జబ్బు అక్కడే.


వైనతేయ_ఒడ్డు
శుక్రవారం రాత్రి 10:18

నీలం దాంట్లోనే. స్పీడ్ ఎక్కువ కదా అని 😐 పక్కనే ఫైబర్ వాళ్లిచ్చిన వైఫై డబ్బా, జానెడు దూరం.


రేడియో_పిచ్చోడు
శుక్రవారం రాత్రి 10:41

అనుకున్నా. నీలం పోర్టు అంటే యూఎస్‌బీ 3, అది పనిచేసేటప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రేడియో రొద పుట్టిస్తుంది, జిగ్‌బీ మాట్లాడేదీ అక్కడే. చెవి పక్కన పిండిమర ఆడుతుంటే పక్కింటోడి మాట వినాలన్నట్టు ఉంటుంది డాంగిల్ పరిస్థితి. బల్బు గట్టిగా అరుస్తుంది కాబట్టి వినిపిస్తుంది, బిళ్ల బ్యాటరీ మీద బతికే తలుపు సెన్సరు గొంతు వినపడదు. షెడ్డు సెన్సరు ఇంటర్వ్యూలో ఆగడం ఇదే అయ్యుండొచ్చు.

రేపు మొదటి పని, మీటరో మీటరున్నరో యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని డాంగిల్‌ని నల్ల పోర్టుకి తగిలించి ఎత్తులో కట్టండి, రాస్ప్‌బెర్రీ పై కి, ఫైబర్ డబ్బాకి, ఇనప బీరువాకి దూరంగా. యాంటెన్నా నిలువుగా ఉండాలి.

రెండో పని ఛానల్. జిగ్‌బీ ఛానళ్లు 11 నుంచి 26, ఒక్కోదానికీ 5 మెగాహెర్ట్జ్ ఎడం, 11 అంటే 2405, 26 అంటే 2480. మీ డబ్బా వైఫై 1 మీద ఉందా 6 మీదా 11 మీదా చూడండి. జిగ్‌బీ 11, వైఫై 1 రెండూ ఒకే చోట పడతాయి. జిగ్‌బీ 25 వైఫై మూడింటికీ అవతల పడుతుంది, 15 అయితే వైఫై 1 కీ 6 కీ మధ్య సందులో పడుతుంది. 26 జోలికి పోవద్దు, కొన్ని పరికరాలు దాన్ని సరిగ్గా పట్టుకోవు. ఛానల్ మార్చాక బ్యాటరీ సెన్సర్లు కొన్ని మళ్లీ పెయిర్ చేయమంటాయి, అందుకే పరికరాలు పది దాటకముందే ఈ పని అయిపోవాలి.

వైఫై డబ్బాకి కూడా ఛానల్ ఆటో తీసేసి ఒకటి పెట్టేయండి. ఆటోలో ఉంచితే మీరు హైదరాబాద్ వెళ్లాక అదెప్పుడో మారి కూర్చుంటుంది.


అమలాపురం_అక్క
శుక్రవారం రాత్రి 11:05

రేడియో గారు చెప్పింది చేయండి కానీ తమ్ముడూ, నువ్వు చేసిన అసలు తప్పు ఇంకోటి. అన్నీ కంట్రోలర్ పక్కన పెట్టుకుని పెయిర్ చేసి తర్వాత మోసుకెళ్లావు చూడు, అది. వీడియోల్లో అందరూ అలాగే చూపిస్తారు, వాళ్లది రెండు గదుల ఫ్లాటు.

జిగ్‌బీలో కరెంటు మీద నడిచేవి (బల్బు, ప్లగ్గు) రౌటర్లు, పక్కోళ్ల మాట కూడా మోస్తాయి. బ్యాటరీవి మోయవు, ఏదో ఒక రౌటర్‌ని పట్టుకుని వేలాడతాయి. కొన్ని సెన్సర్లు ఎక్కడ పెయిర్ చేస్తే ఆ అమ్మనే పట్టుకుంటాయి, దూరం తీసుకెళ్లినా ఇంకో చెయ్యి పట్టుకోవు, ఏడుస్తూ కూర్చుంటాయి.

కాబట్టి ముందు కరెంటువి వాటి వాటి చోట పెట్టి, హాలు నుంచి బయటికి వరసగా, దగ్గరిది ముందు దూరంది తర్వాత పెయిర్ చెయ్యి. అవి అయ్యాక సెన్సర్లు, అవి ఉండే తలుపు దగ్గరే నిలబడి. జెడ్‌హెచ్‌ఏలో వంటింటి బల్బు పేజీకి వెళ్లి దాని ద్వారానే కొత్తవాటిని చేర్చుకోమని నొక్కొచ్చు, అప్పుడు పెరటి సెన్సరు దానికే అంటుకుంటుంది. ఇంటర్వ్యూ జరుగుతున్నంతసేపూ సెన్సరు బటన్ రెండు మూడు సెకన్లకోసారి తడుతూ ఉండు, లేకపోతే నిద్రపోతుంది. సగం మంది ఇంటర్వ్యూ ఫెయిల్ అని ఇక్కడికి వచ్చేది దీనికే.

ఇంకోటి. కంట్రోలర్‌లో డిలీట్ కొట్టినంత మాత్రాన బల్బు పాత కాపురం మర్చిపోదు ఒక్కోసారి. చాలా రకాలకి ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్ అని ఐదారు సార్లు కొడితే మిణుకు మిణుకుమంటుంది, అప్పుడు కొత్తది కింద లెక్క.


తణుకు_తమ్ముడు
శనివారం ఉదయం 7:20

మధ్యలో వస్తున్నందుకు సారీ బ్రోస్, ఇంత గోల ఎందుకు, అన్నీ వైఫైవి కొని వాళ్ల యాప్‌లోనే పెట్టుకుంటే అయిపోద్ది కదా, నేను మా ఇంట్లో ఆరు పెట్టా, వాయిస్ తో కూడా పనిచేస్తున్నాయి


అమలాపురం_అక్క
శనివారం ఉదయం 7:44

పనిచేస్తాయి, నెట్ ఉన్నంతసేపు. మొన్నామధ్య కాలవ గట్టు మీద రోడ్డు పని చేస్తూ పొక్లెయిన్‌తో కేబుల్ లేపేశారు, మా వీధికి మూడు రోజులు ఫైబర్ లేదు. పక్కింటి వాళ్ల యాప్ లైట్లు గోడ స్విచ్ తప్ప దేనికీ పలకలేదు. మా ఇంట్లో జిగ్‌బీవి మామూలుగానే నడిచాయి, ఎందుకంటే అవి ఇంట్లో కంట్రోలర్‌తో మాట్లాడుకుంటాయి, బయట ఎక్కడో ఉన్న సర్వర్‌తో కాదు. తుపాను కాలంలో సంగతి చెప్పక్కర్లేదు.


రేడియో_పిచ్చోడు
శనివారం ఉదయం 8:02

వైఫై రిలే సంగతి కూడా చెప్పేస్తా. ఆ చవక రిలేలన్నీ వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, 5 గిగాహెర్ట్జ్ వినపడదు. డబ్బాలో రెంటికీ ఒకటే పేరు ఉంటే ఫోను 5 మీద ఉండి రిలేని 2.4 లో వెతుకుతూ ఉంటుంది. 2.4 కి వేరే పేరు పెట్టండి, ఫోనుని దానికి కలపండి, మొబైల్ డేటా కాసేపు ఆపేయండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఉంటే డబ్ల్యూపీఏ2 కి దించండి. గెస్ట్ వైఫైలో మాత్రం పెట్టొద్దు, అందులో పరికరాలు ఒకదాన్నొకటి చూసుకోలేవు, కంట్రోలర్‌కి కనపడదు. ఎక్కాక డబ్బాలో దాని ఐపీ అడ్రస్ రిజర్వ్ చేసేయండి, పై కి కూడా.


పాలకొల్లు_వైర్‌మ్యాన్
శనివారం ఉదయం 8:30

నమస్తే అండి, నేను వైరింగ్ పనోడిని, కంప్యూటర్ గోల నాకు అంత తెలీదు కానీ మోటారు అన్నారు కాబట్టి ఆగలేక రాత్తన్నా.

ఆ వైఫై రిలేని నేరుగా మోటారుకి పెట్టకండే. పెట్టె మీద 16 ఆంప్స్ అని రాసుంటాది, అది గీజరు లాంటి లోడుకి. మీది ఒకటిన్నర హెచ్‌పీ అనుకుందాం, నడిచేటప్పుడు తొమ్మిదో పదో ఆంప్స్, కానీ స్టార్టింగ్ లో ఐదారు రెట్లు లాగుద్ది. నాలుగు రోజులు పనిచేసుద్ది, ఐదో రోజు లోపల పాయింట్లు అంటుకుపోతాయి. అప్పుడు మీరు ఫోన్ లో ఆఫ్ కొడతారు, ఫోన్ లో ఆఫ్ అనే చూపిత్తాది, మోటారు మటుకు నడుత్తానే ఉంటాది. ఒకళ్లింట్లో నేను చూసిందే, రాత్రంతా ట్యాంకు పొంగి డాబా మీంచి కారి కారి కింద పెరట్లో అరటి పిలకలు వేర్లతో సహా కొట్టుకుపోయాయి, పొద్దున్నే ఆ పెద్దాయన లుంగీ ఎగ్గట్టి బురదలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు, ఆఫ్ అనే ఉంది మరి.

రిలే వేసేది కాంటాక్టర్ (మోటారు కరెంటుని కలిపి విడదీసే పెద్ద స్విచ్) కాయిల్ కి, మోటారుకి కాదు. మీకు ఆల్రెడీ స్టార్టర్ డబ్బా ఉండి ఉంటాది, పచ్చ బటన్, ఎర్ర బటన్. అందులోనే పని అయిపోద్ది.

ఇంకోటి అడగాలి, షెడ్డు లైను ఇంటి మీటరుదా లేక వ్యవసాయ సర్వీసుదా? వ్యవసాయానిదైతే త్రీఫేజు ఇచ్చే గంటలే ఇత్తారు, మిగతా టైములో మీ పెట్టెలు అక్కడ చచ్చిపోయి ఉంటాయి.


వైనతేయ_ఒడ్డు
శనివారం మధ్యాహ్నం 2:10

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. వరసగా చెప్తా.

అంబాజీపేట వెళ్లి ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చా, డాంగిల్‌ని దూలానికి మేకు కొట్టి వేలాడదీశా. అమ్మ చూసి దిష్టి తాడు అనుకుంది. ఛానల్ 25 పెట్టా. రేడియో గారూ మీ నోట్లో పంచదార పొయ్యాలి, వంటింటి బల్బు సిగ్నల్ 40 చూపించేది ఇప్పుడు 130 దాటింది. బల్బులు వాటి హోల్డర్లలోనే ఉంచి మళ్లీ పెయిర్ చేశా. ప్లగ్గు తీసుకెళ్లి గొడ్ల సావిడిలో పెట్టా, దాని ద్వారా షెడ్డు సెన్సరు ఒక్క దెబ్బకి ఎక్కింది, బటన్ తడుతూ ఉండమన్నది అక్కగారి చలవ.

వైఫై రిలే కూడా ఎక్కింది, పేర్లు విడగొట్టగానే. మోటారుకి మాత్రం పెట్టను లెండి, అరటి పిలకల కథ చదివి నాన్నకి వినిపించా, "ఆయన చెప్పినట్టు చెయ్" అన్నారు. షెడ్డు లైను ఇంటి మీటరు మీదే ఉంది.

అంతా అయిపోయినట్టే అనుకుంటా 🙏


భీమవరం_రొయ్య
శనివారం సాయంత్రం 5:35

మంచి చర్చ అండి. నాదొక డౌటు. నాకు ఇంట్లో ఇదే కంట్రోలర్ ఉంది, రొయ్యల చెరువు ఇంటికి 300 మీటర్లు, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపేవి) 8. రాత్రి కరెంటు పోతే కాపలా కుర్రోడు నిద్రపోతే అంతే సంగతులు, తెల్లారుజామున డీవో (నీళ్లలో ఆక్సిజన్) పడిపోయి రొయ్య పైకి తేలుద్ది, గంట చాలు పంట పోడానికి. ఆ జిగ్‌బీ ప్లగ్గులు వరసగా పెట్టుకుంటూ గట్టు మీద చెరువు దాకా వెళ్లొచ్చా?


రేడియో_పిచ్చోడు
శనివారం సాయంత్రం 6:01

వద్దండి బాబూ. కరెంటు పోయినప్పుడు కబురు తేవాల్సిన ప్లగ్గులు ఆ కరెంటు మీదే నడుస్తాయి, కబురు తెచ్చేదెవరు? పంట మీద లక్షలు పెట్టి దాన్ని ఇంటి లైట్ల నెట్‌వర్క్‌కి కట్టకండి. చెరువు దగ్గర సిమ్ కార్డు వేసే అలారం డబ్బా, సొంత బ్యాటరీతో, మూడు ఫేజుల్లో ఏది పోయినా ఫోన్ చేసేది పెట్టండి. ఏరేటర్లు త్రీఫేజు కాబట్టి ఒక్క ఫేజు పోయినా మోటార్లు కాలతాయి, మూడూ చూడాలి. కంట్రోలర్‌లో కూడా కనపడాలనే సరదా ఉంటే లోరా అని దూరం వెళ్లే రేడియో ఉంది, మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, 300 మీటర్లు దానికి లెక్కే కాదు. అది మాత్రం చూసుకోడానికి, నమ్ముకోడానికి కాదు.


భీమవరం_రొయ్య
శనివారం సాయంత్రం 6:09

అర్థమైందండి. కాపలా కుర్రోడికి జీతం పెంచడం చవక అనిపిస్తంది 😄


వైనతేయ_ఒడ్డు
ఆదివారం ఉదయం 6:48

మళ్లీ పోయాయి. 😭

రాత్రి అన్నీ పచ్చగా ఉన్నాయి చూసుకుని పడుకున్నా. ఇప్పుడు బల్బులు నాలుగూ లేవు, పెరటి తలుపు సెన్సరు లేదు. వీధి తలుపుది ఉంది. సావిడి ప్లగ్గు, షెడ్డు సెన్సరు ఉన్నాయి. లాగ్ చూస్తే బల్బులు రాత్రి 11:10 ప్రాంతంలో ఒకదాని వెనకొకటి పోయాయి, పెరటి సెన్సరు తెల్లారగట్ల 3 కి అటూ ఇటూ. ఆ టైములో అందరం నిద్రలో ఉన్నాం, కరెంటు కూడా పోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. రాత్రి 11 కి, 3 కి ఎవరొచ్చి ఏం చేస్తున్నారో అర్థం కావట్లేదు. సాయంత్రం బస్సు నాకు.


రేడియో_పిచ్చోడు
ఆదివారం ఉదయం 7:25

11 కి, 3 కి ఎవరూ రాలేదు. జెడ్‌హెచ్‌ఏ ఒక పరికరం పోయిందని వెంటనే చెప్పదు. కరెంటు మీద నడిచేది 2 గంటలు పలక్కపోతే అప్పుడు అన్‌అవైలబుల్ అంటుంది, బ్యాటరీది 6 గంటలు చూసి అంటుంది. సెట్టింగుల్లో 7200, 21600 సెకన్లు అని ఉంటాయి చూడండి.

11:10 లోంచి 2 తీసేయండి. 3 లోంచి 6 తీసేయండి. రెండూ రాత్రి తొమ్మిది దగ్గరికే వస్తున్నాయి.

మీ ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఏం జరుగుతుంది?


అమలాపురం_అక్క
ఆదివారం ఉదయం 7:31

నాకు తెలిసిపోయింది 😂😂 చెప్పను. మీ అమ్మగారిని అడుగు తమ్ముడూ.


వైనతేయ_ఒడ్డు
ఆదివారం ఉదయం 8:15

అడిగా.

తొమ్మిదింటికి సీరియల్ అయిపోతుంది. టీవీ కట్టేసి, వంటింట్లో పాలగిన్నె మీద మూత చూసుకుని, అక్కడి స్విచ్ టిక్, మండువాలోకి వచ్చి టిక్, వసారాలో రెండూ టిక్ టిక్, గడియ వేసి పడుకుంటుంది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. నేను అప్పటికే ఫోన్‌లోంచి బల్బులన్నీ ఆర్పేశాను, ఇల్లంతా చీకటే, అయినా చీకట్లో తడుముకుంటూ వెళ్లి మరీ బోర్డుల దగ్గర కట్టేసింది. ఎందుకమ్మా అంటే, "నువ్వు ఫోన్లో ఆర్పావు సరే, స్విచ్చి వేసే ఉందిగా, కరెంటు కాలదూ?" అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. నిజానికి కొంచెం కాలుతుంది కూడా కదా.


పాలకొల్లు_వైర్‌మ్యాన్
ఆదివారం ఉదయం 8:40

అయ్‌బాబోయ్ 😄 అమ్మగారిదే కరెక్టండి, స్విచ్ అంటే కట్టేయడానికే ఉంది.


అమలాపురం_అక్క
ఆదివారం ఉదయం 8:52

మా అత్తగారితో నేను ఏడాది పోరాడా, స్విచ్చుల మీద టేపు వేశా, కాగితం అంటించా. ఆవిడ టేపు ఊడదీసి మరీ కట్టేసేది. చివరికి తెలిసిందేంటంటే ఇద్దరు మనుషులు ఉన్న ఇంట్లో స్మార్ట్ బల్బు అనేది తప్పుడు వస్తువు. బల్బు పోయినప్పుడల్లా అదొక్కటే పోదు, దాన్ని పట్టుకుని వేలాడేవన్నీ పోతాయి, మీ పెరటి సెన్సరులాగా. వీధి తలుపుది కంట్రోలర్‌ని నేరుగా పట్టుకుంది కాబట్టి దానికి ఏమీ అవలేదు, సావిడి ప్లగ్గుని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి షెడ్డుదీ బతికింది.

బల్బులు హైదరాబాద్ పట్టుకుపో. ఇక్కడ మామూలు ఎల్ఈడీ బల్బులు పెట్టి, స్విచ్ బోర్డు వెనక జిగ్‌బీ రిలే మాడ్యూల్ పెట్టించు. అమ్మగారి స్విచ్ తీగలు దాని ఎస్1 ఎస్2 అనే స్విచ్ పాయింట్లలోకి పోతాయి, ఆవిడ టిక్ అంటే బల్బు ఆరుతుంది, మాడ్యూల్ మాత్రం కరెంటు మీదే ఉంటుంది, రౌటర్ పని చేసుకుంటూ పోతుంది. నెట్ పోయినా కంట్రోలర్ చచ్చినా స్విచ్ స్విచ్చులాగే పనిచేస్తుంది.


పాలకొల్లు_వైర్‌మ్యాన్
ఆదివారం ఉదయం 9:20

దానికి బోర్డులో న్యూట్రల్ కావాలండి. పాత ఇళ్లలో బోర్డులోకి ఫేజు ఒక్కటే దింపుతారు, న్యూట్రల్ నేరుగా బల్బు పాయింటుకే పోద్ది. ఆ బోర్డులో ప్లగ్ పాయింటు కూడా ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే. లేకపోతే న్యూట్రల్ లేని మాడ్యూల్స్ కూడా దొరుకుతాయి కానీ చిన్న ఎల్ఈడీ అయితే ఆర్పినా మినుకుమంటా ఉంటాది, దానికి మళ్లీ హోల్డర్ దగ్గర కండెన్సర్ కట్టాలి.


రేడియో_పిచ్చోడు
ఆదివారం ఉదయం 9:33

పైగా న్యూట్రల్ లేనివి ఎక్కువ శాతం రౌటర్ పని చేయవు, ఎండ్ డివైసులే (పక్కోళ్ల మాట మోయనివి). మీకు కావాల్సింది రౌటర్ పనే కాబట్టి న్యూట్రల్ లాగించుకోండి.


పాలకొల్లు_వైర్‌మ్యాన్
ఆదివారం ఉదయం 9:50

లాగేటప్పుడు ఒకటి. ఇన్వర్టర్ ఉందా ఇంట్లో? ఉంటే ఆ లైటుది ఏ లైనో అదే లైను న్యూట్రల్ తేవాలి. దగ్గర్లో ఉందికదా అని వేరే సర్క్యూట్‌ది కలిపేత్తారు మనోళ్లు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్టేసే బ్రేకరు) ఉన్న ఇంట్లో అది ఊరికే పడిపోతా ఉంటాది, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు. మాడ్యూల్స్ కూడా ఇన్వర్టర్ లైను మీద ఉన్న బోర్డుల్లోనే పెట్టించుకోండి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ మీ వల తెగిపోద్ది.

మోటారు గురించి నా మాట వింటానంటే, ఆన్ చేసే పని నాన్నగారికే ఉంచండి. నీళ్లు లేనప్పుడు ఎక్కడో హైదరాబాద్‌లో వేలు తగిలి మోటారు ఆన్ అయితే బుష్షులు పోతాయి. ఆఫ్ చేయడం ఒక్కటి కంట్రోలర్‌కి ఇవ్వండి. కామ్, ఎన్‌సీ పాయింట్లు (మామూలప్పుడు కలిసుండి, రిలే లాగితే విడిపోయేవి) ఉన్న డ్రై కాంటాక్ట్ (తనలోంచి కరెంటు ఇవ్వని) రిలే తీసుకుని స్టార్టర్‌లో ఎర్ర బటన్‌కి సిరీస్‌లో వేయించండి. ట్యాంకులో ఫ్లోట్ పైకి రాగానే రిలే రెండు సెకన్లు లాగి వదిలితే కాయిల్ వదిలేసుద్ది, మోటారు ఆగుద్ది. రిలే పాడైపోయినా ఎన్‌సీ కాబట్టి చేత్తో మామూలుగా నడుపుకోవచ్చు.


వైనతేయ_ఒడ్డు
ఆదివారం ఉదయం 10:30

కానీ నాన్న చీకట్లో తోటలోకి వెళ్లకూడదనే కదా అంతా మొదలుపెట్టింది.


పాలకొల్లు_వైర్‌మ్యాన్
ఆదివారం ఉదయం 10:44

పగలు వెలుతురుండగా ఆన్ చేసుకొస్తారు, రాత్రి కట్టేయడానికి వెళ్లక్కర్లేదు కదండీ. సగం నడక తగ్గుద్ది. మిగతా సగం మీరు ఆపలేరు, తోట ఆయనది.


తణుకు_తమ్ముడు
ఆదివారం ఉదయం 11:15

అన్నా ఇంకో డౌట్. మ్యాటర్ అని కొత్తది వచ్చింది కదా, అవి కొంటే ఈ బాధలేవీ ఉండవా? ఇంకా మా బావ అమెరికా నుంచి డోర్ లాక్ తెచ్చాడు, జీ-వేవ్ అని ఉంది, ఇక్కడ కొన్న స్టిక్‌కి ఎంతకీ కలవట్లేదు.


రేడియో_పిచ్చోడు
ఆదివారం ఉదయం 11:48

మీ బావగారి తాళం ఇక్కడ కలవదు. జీ-వేవ్ కూడా ఇంటి పరికరాల రేడియోనే కానీ దేశానికో ఫ్రీక్వెన్సీ, మన దగ్గర 865.2 మెగాహెర్ట్జ్, అమెరికాలో 908.4. ఒకటి తెలుగులో మాట్లాడుతుంటే ఇంకోటి తమిళం వింటోంది. అమెరికా స్టిక్ తెప్పించుకుంటా అనకండి, 908 మన దగ్గర సెల్‌ఫోన్ల వాళ్లకి ఇచ్చిన బ్యాండు, అక్కడ ప్రసారం చేయకూడదు. తాళం మామూలు తాళంలా వాడుకోండి.

మ్యాటర్ 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చింది, మంచిదే, వేరే వేరే కంపెనీల పరికరాలు ఒకే పద్ధతిలో చేరతాయి. కానీ అది భాష మాత్రమే, దారి కాదు. దారి వైఫై అయినా ఉండాలి థ్రెడ్ అయినా ఉండాలి. థ్రెడ్ కూడా జిగ్‌బీ లాంటి రేడియోనే, అదే 2.4, అదే మెష్ (ఒకదాని మాట ఇంకోటి మోసే వల), దానికి బోర్డర్ రౌటర్ (థ్రెడ్‌ని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపేది) ఇంకోటి కావాలి. మ్యాటర్ బల్బుని కూడా వాళ్లమ్మగారు తొమ్మిదింటికి కట్టేస్తారు. కొంటే మాత్రం పరికరం మీది 11 అంకెల కోడ్ ఉన్న స్టిక్కరుని ముందే ఫోటో తీసుకోండి. గోడలో బిగించాక రీసెట్ చేయాల్సి వస్తే ఆ కోడ్ బోర్డు వెనకే ఉంటుంది, మళ్లీ స్క్రూలు విప్పాలి.


అమలాపురం_అక్క
ఆదివారం మధ్యాహ్నం 12:20

తమ్ముడూ, బస్సెక్కేలోగా చేయాల్సినవి. పై, ఫైబర్ డబ్బా రెండూ ఇన్వర్టర్ లైను మీద పెట్టు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని మీట ఉంటే అటు తిప్పు, లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు పై రీస్టార్ట్ అవుతుంది. మెమరీ కార్డు మీద నడుపుతుంటే మన కరెంటుకి అది ఎన్నాళ్లో ఉండదు, ఎస్ఎస్‌డీకి మార్చు, నీలం పోర్టు దానికి పనికొస్తుంది. బ్యాకప్ తీసి నీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకో. అది లేకుండా కార్డు పోతే మళ్లీ ప్రతి తలుపు దగ్గర నిలబడి బటన్ తట్టాల్సింది నువ్వే.

బయట నుంచి చూసుకోవడానికి ఫైబర్ డబ్బాలో పోర్టులు తెరిచే పని పెట్టుకోకు, ఫైబర్ వాళ్లు చాలామంది ఒకే పబ్లిక్ ఐపీని పదిమందికి పంచుతారు కాబట్టి అసలు పనిచేయదు. టెయిల్‌స్కేల్ (నీ ఫోన్‌ని ఇంటి కంట్రోలర్‌తో నెట్ మీద భద్రంగా కలిపేది) లాంటిది వేసుకో, పావుగంట పని.


వైనతేయ_ఒడ్డు
ఆదివారం రాత్రి 8:55

బస్సులోంచి రాస్తున్నా. పై, డబ్బా ఇన్వర్టర్ మీదకి మార్చా. బ్యాకప్ తీశా. బల్బులు విప్పి బ్యాగులో పెట్టుకున్నా. రిలేలు ఆర్డర్ పెట్టా, ఊళ్లో వైరింగ్ చేసే అతనికి వైర్‌మ్యాన్ గారి పోస్టులు ఫోన్‌లో చూపించి వచ్చా, చదివి "ఈయనెవరో పనోడేనండి" అన్నాడు.


వైనతేయ_ఒడ్డు
మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:30

అప్‌డేట్ అడిగిన వాళ్లకి.

రిలేలు వంటింట్లో, మండువాలో, వసారాలో మూడు బోర్డుల వెనక పెట్టారు. మండువా బోర్డులో న్యూట్రల్ లేదు, పాత కేసింగ్ విప్పి పై నుంచి లాగాల్సి వచ్చింది, ఆ ఒక్కదానికే ఒక పూట పట్టిందట. నేను మళ్లీ ఊరెళ్లే వరకు పెయిరింగ్ ఆపి, వెళ్లాక హాలు నుంచి బయటికి వరసగా చేసుకుంటూ వెళ్లా, పెరటి సెన్సరుని వంటింటి రిలే ద్వారా చేర్చా. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత ఇప్పటికి తొమ్మిది రోజులు, రెండుసార్లు కరెంటు పోయింది, వీటిలో ఒక్కటి కూడా పోలేదు. సావిడి ప్లగ్గు ఇన్వర్టర్ మీద లేదు కాబట్టి కరెంటు పోతే షెడ్డు సెన్సరు పోతుంది, వచ్చాక తనే వస్తుంది, దానితో సర్దుకున్నా.

మోటారు వైర్‌మ్యాన్ గారు చెప్పినట్టే. ట్యాంకు నిండితే ఆగుతోంది. మొదటి రోజు నాన్న నమ్మక టార్చిలైటు పట్టుకుని వెళ్లి చూసొచ్చారట, రెండో రోజు కూడా. ఇప్పుడు వెళ్లట్లేదు అని అమ్మ చెప్పింది, షెడ్డు తలుపు సెన్సరు మాత్రం నిన్న రాత్రి 8:40 కి తెరిచారు అంటోంది. ఫోన్ చేసి అడగలేదు.

నేను ఊరి నుంచి బయల్దేరే ముందు నాన్న బోర్డులు చూసి, "స్విచ్చేస్తే వెలుగుతోంది, కట్టేస్తే ఆరుతోంది, ఇంతకీ ఇంత డబ్బు పెట్టి ఏం మార్చావురా?" అన్నారు.


పాలకొల్లు_వైర్‌మ్యాన్
ఆదివారం రాత్రి 9:41

ఆయ్, అలా అన్నారంటే పని శుభ్రంగా జరిగినట్టేనండి.


భీమవరం_రొయ్య
ఆదివారం రాత్రి 10:02

నేను సిమ్ అలారం పెట్టించా అండి. మొదటి రాత్రి 2 గంటలకి ఫోన్ మోగింది, లేచి బండేసుకుని వెళ్తే కరెంటు ఉంది. కుర్రోడు సెల్ ఛార్జింగ్ పెట్టుకోడానికి అలారం డబ్బా ప్లగ్గు పీకాడు.


రేడియో_పిచ్చోడు
ఆదివారం రాత్రి 10:05

డబ్బా పనిచేస్తోందిగా మరి. 😄 కుర్రోడికి ఇంకో ప్లగ్ పాయింటు వేయించండి.